అట్టు అంటని పెనము

మొదటి అట్టు పెనమునకు అతుక్కొనిపోయినచో మన వంటయిళ్ళలో ఎవరును ఆశ్చర్యపడరు. పెనము ఇంకను దారికి రాలేదని అందురు. ఉల్లిపాయను అడ్డముగా కోసి, ఆ సగముతో పెనమంతట నూనె రుద్దుదురు. నాలుగు నీటిచుక్కలు చిలకరించి, చుయ్యిమను చప్పుడును బట్టి వేడిని అంచనా వేయుదురు. రెండవ అట్టో, మూడవ అట్టో అంచులు లేచి అట్లకాడకు లొంగి వచ్చును. తరతరముల ఈ అలవాటులో చక్కని రసాయన శాస్త్రము ఇమిడి ఉన్నది. ఇనుము మీద పలుచగా పూసిన నూనె పలుమారులు కాగినపుడు దాని అణువులు గాలిలోని ప్రాణవాయువుతో కలసి, ఒకదానితో నొకటి ముడివడి, నల్లని గట్టి పొరగా మారును. చిన్న అణువులు అసంఖ్యాకముగా గొలుసులుగనో వలగనో అల్లుకొని ఏర్పడు ఇట్టి పదార్థమును పాలిమర్ అందురు. కనుక అమ్మమ్మల నాటి ఇనుప పెనము కూడ పాలిమర్ పూత గల పెనమే.

అయితే ఆ పూత సుకుమారమైనది. పులుసు కాచినచో చెడును. బూడిద వేసి గట్టిగా తోమినచో పోవును. తడిగా వదలినచో దాని క్రింద తుప్పు పట్టును. ఇట్టి పోషణ ఏదియు అక్కరలేక, కొన్ననాటి నుండియే ఏదియు అంటని పెనము కావలెనను కోరిక ఇరువదవ శతాబ్ది నడుమ తీరినది. నేడు అంగళ్ళలో 'నాన్ స్టిక్' అను పేరుతో అమ్ముడగు పెనములలో ఎక్కువ భాగము టెఫ్లాన్ జాతి పూత గలవి. ఈ పెనము చరిత్రలో వింత యేమనగా, దేనికిని అంటని పదార్థము కొరకు ఎవరును శ్రమపడలేదు. అది తనంత తానే దొరికినది. ఆ పదార్థమును లోహమునకు అంటించుటయే కష్టమైనది. తరువాతి చిక్కులన్నియు ఆ అంటించు ప్రయత్నమునుండి పుట్టినవే.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున డీప్‌వాటర్ అనుచోట డ్యూపాంట్ సంస్థకు జాక్సన్ ప్రయోగశాల ఉండెను. 1938లో అచట రాయ్ ప్లంకెట్ అను 27 ఏండ్ల రసాయన శాస్త్రజ్ఞుడు రిఫ్రిజిరేటర్లలో వాడదగిన క్రొత్త వాయువు కొరకు వెదకుచుండెను. పూర్వము ఆ యంత్రములలో అమోనియా, గంధక ద్విఆమ్లజనిదము వంటి వాయువులను వాడెడివారు. అవి కారినచో ఇంటిలోని వారికి ప్రాణాపాయము. ఫ్లోరిన్ కలిసిన కర్బన వాయువులు విషము కావనియు, మండవనియు అప్పటికి తెలిసియున్నది. (ఆ వాయువులలో కొన్ని ఆకాశములోని ఓజోను పొరకు చేటు తెచ్చునని తెలియుటకు ఇంకను మూడున్నర దశాబ్దములు పట్టెను.) ప్లంకెట్ తన ప్రయోగములకు ముడిసరకుగా టెట్రాఫ్లోరో ఎథిలీన్ అను వాయువును సుమారు 100 పౌనులు తయారుచేసి, చిన్న చిన్న సిలిండరులలో నింపి, ఘన కార్బన్ డయాక్సైడు చల్లదనములో భద్రపరచెను.

ఏప్రిల్ 6వ తేదీ ఉదయమున ఆయనయు, సహాయకుడు జాక్ రెబోక్‌ను ఒక సిలిండరు మూత త్రిప్పిరి. వాయువు రాలేదు. కారిపోయినదనుకొనుటకు వీలులేదు, త్రాసులో పెట్టిచూడగా బరువు తగ్గలేదు. ఖాళీ సిలిండరని ప్రక్కకు నెట్టి వేరొకదానిని తెచ్చుకొనుట అట్టి సమయమున ఎవరైనను చేయు పని. వారట్లు చేయక, కవాటమును ఊడదీసి, సిలిండరును తలక్రిందులు చేసిరి. కొంచెము తెల్లని పొడి రాలెను. అంతట రంపముతో సిలిండరునే కోసి చూచిరి. లోపలి గోడల నిండ మైనమువలె జారు తెల్లని పదార్థము పేరుకొని యున్నది. వాయువులోని అణువులు ఒత్తిడిలో తమంత తాము గొలుసులుగా కలసిపోయినవి. అట్టి వాయువు పాలిమర్‌గా మారునని అంతకు మున్ను ఎవరును ఊహించలేదు.

ఈ పొడిని ప్లంకెట్ ఆమ్లములలో వేసెను, ద్రావకములలో వేసెను; ఎందులోను కరగలేదు. 1941లో దీనికి పేటెంటు లభించెను. టెఫ్లాన్ అను పేరు 1945లో నమోదైనది. రసాయనిక నామము పాలిటెట్రాఫ్లోరో ఎథిలీన్, పొట్టిగా పి.టి.ఎఫ్.ఇ.

ఇది దేనికిని అంటకపోవుటకు కారణము దాని నిర్మాణములో కలదు. నడుమ కర్బన పరమాణువుల పొడవైన గొలుసు. ప్రతి కర్బనమునకును రెండు ఫ్లోరిన్ పరమాణువులు. ఫ్లోరిన్ పరమాణువులు మొక్కజొన్న కండె చుట్టు గింజలవలె ఆ గొలుసును నలుప్రక్కల కప్పివేయును. కర్బనమునకు ఫ్లోరిన్‌తో గల బంధము కర్బన రసాయనములోని ఏకబంధములలో అత్యంత దృఢమైనది; దానిని త్రెంచుటకు మోలునకు 485 కిలోజౌళ్ళ ప్రాంతమున శక్తి కావలెను. తన ఎలక్ట్రానులను గట్టిగా పట్టుకొని కూర్చుండు ఫ్లోరిన్ ప్రక్కవానితో స్నేహమునకు రాదు. ద్రవములు ఒక తలము మీద పరచుకొనుట తలశక్తిని బట్టి యుండును. నీటి తలతన్యత మీటరునకు 72 మిల్లీ న్యూటనులు, వంటనూనెలకు 30కి కొంచెము పైన. టెఫ్లాన్ తలశక్తి 18 ప్రాంతము. కాబట్టి దాని మీద నీరే కాదు, నూనెయు పూర్తిగా పరచుకొనక ముత్యములవలె ముడుచుకొనును. నిలువుగోడ మీద నిశ్చింతగా పాకు గెక్కో జాతి బల్లులు కూడ పొడిగా ఉన్న టెఫ్లాన్ పలక మీద పట్టు దొరకక జారిపోవును. కళాశాల ప్రయోగశాలలలో బ్యూరెట్టు మరలు బిగిసిపోయి విద్యార్థులు అవస్థపడు బాధ ఈ పదార్థము వచ్చిన తరువాతనే తగ్గినది.

ఇనుప పెనము మీద జరుగునది దీనికి విరుద్ధము. గ్రుడ్డులోని తెల్లసొన తీసికొందము. అందలి మాంసకృత్తులు దారపుండలవలె చుట్టుకొని యుండును. వేడి తగులగనే ఉండలు విడివడి, దాగియున్న కొనలు బయటపడి, లోహము మీది ఆక్సైడు పొరను పట్టుకొనును. మన కంటికి నునుపుగా కనిపించు లోహములో సూక్ష్మమైన గుంటలెన్నియో కలవు. పిండి వాటిలోనికి దిగి అచటనే గట్టిపడును. పెనము చాలినంత కాగక మునుపే పిండి వేసినచో ఈ రెండు పనులకును తీరుబడి దొరకును. మొదటి అట్టు పాడగుటలో పెద్ద రహస్యము ఇదియే.

టెఫ్లాన్‌కు మొదటి ఉద్యోగము వంటయింటిలో కాదు, అణుబాంబు కర్మాగారములో దొరికినది. యురేనియమును వేరుచేయుటకు వాడిన యురేనియం హెక్సాఫ్లోరైడు అను వాయువు తనకు తగిలిన ప్రతి పదార్థమును తినివేయును. దానికి తట్టుకొనగల అతుకు చట్రములు, మూతలు టెఫ్లాన్‌తో చేసిరి. యుద్ధము ముగిసిన పిమ్మట పరిశ్రమలు దీనిని విద్యుత్ తీగెల తొడుగులకును, యంత్రభాగములకును వాడజొచ్చెను.

ఇక పెనము సంగతి. దేనికిని అంటని వస్తువు అల్యూమినియమునకు మాత్రము ఎందుకు అంటును? జిగురు పూసిన జిగురే జారిపోవును. కరగించి పోయుదమన్నను వీలులేదు. ఇది 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును గాని, కరగిన తరువాతను పారదు. చిక్కదనము మిక్కిలి హెచ్చగుటచే ఉన్నచోటనే నిలిచియుండును. ఏ ద్రావకములోను కరగదు గనుక రంగువలె పూయుటకును కుదరదు. ఈ చిక్కుముడిని విప్పినది డ్యూపాంట్ సంస్థ కాదు. ఫ్రాన్సు దేశమునందలి మార్క్ గ్రెగ్వార్ అను ఇంజనీరు. చేపలు పట్టు సామగ్రి పనిలో ఆయన టెఫ్లాన్‌ను వాడుచుండగా, దీనిని నా పెనములకు పూయరాదా అని భార్య కొలెట్ అడిగెనని అందరును చెప్పుకొను కథ. ఇల్లాలి మాటతో ఆరంభమైన పరిశ్రమలు లోకములో ఇంకను ఉండవచ్చును. అవి చరిత్ర గ్రంథములకు ఎక్కుట అరుదు.

గ్రెగ్వార్ ఉపాయము వినుటకు సులభము. అల్యూమినియమును ఆమ్లముతో తినిపించినచో దాని ముఖముపై కంటికి కనబడని గుంటలు ఏర్పడును. కొన్ని గుంటలు నోరు ఇరుకై లోపల విశాలముగా ఉండును. నీటిలో సన్నని రేణువులుగా తేలుచున్న టెఫ్లాన్‌ను దాని మీద చల్లి, ఆరబెట్టి, ద్రవీభవన స్థానమునకు పైగా కాల్చవలెను. రేణువులు మెత్తబడి ఒకదానితో నొకటి అతుకుకొని, గుంటలలోని భాగము వ్రేళ్ళవలె చిక్కుకొనును. అంటుకొనుట యనునది లేదు, ఇరుకుకొనుట మాత్రమే. 1954లో ఆయన పేటెంటు కోరెను; 1956లో దంపతులు టెఫాల్ సంస్థను స్థాపించిరి. టెఫ్లాన్, అల్యూమినియము అను రెండు పేర్ల ముక్కలు కలిపిన పేరది. మూడు నాలుగు సంవత్సరములలో ఫ్రాన్సున ఈ పెనములు లక్షలకొలది అమ్ముడుపోయెను.

పదార్థము పుట్టిన అమెరికాలో మాత్రము దీనిని తలకెత్తుకొను వారు లేకపోయిరి. థామస్ హార్డీ అను వర్తకుడు ఫ్రాన్సు నుండి పెనములు తెప్పించి, పెద్ద దుకాణముల చుట్టు తిరిగి విసిగిపోయెను. కట్టకడపట న్యూయార్కులోని మేసీస్ దుకాణమువారు 200 పెనములు తీసికొని, 1960 డిసెంబరులో, ఒక్కొక్కటి 6 డాలర్ల 94 సెంట్లకు అమ్మకమునకు పెట్టిరి. నగరము మంచు తుపానులో ఉన్నను రెండు దినములలో సరకు చెల్లిపోయినది. ఆ పిమ్మట కర్మాగారములు వెలయుటకు ఆలస్యము కాలేదు. మన దేశమున 1968లో మహారాష్ట్రలోని ఔరంగాబాదున 'నిర్లేప్' అను పేరుతో ఇట్టి పాత్రల తయారీ ఆరంభమైనది. నిర్లేపము అనగా పూత లేనిది, అంటు లేనిది. పూతయే ప్రాణముగా గల వస్తువునకు ఆ పేరు పెట్టుట చమత్కారముగా ఉన్నను, వండువారికి అర్థము సరిగానే తెలిసినది.

నీటిలో రేణువులుగా తేలుచున్న టెఫ్లాన్ అని పైన ఒక మాట దొర్లిపోయినది. నీటిని దగ్గరకు రానీయని పదార్థము నీటిలో ఎట్లు తేలును? దానికి ఒక మధ్యవర్తి కావలెను. సబ్బు అణువు ఒక కొనతో నీటిని, రెండవ కొనతో జిడ్డును పట్టుకొని రెండింటికిని పొత్తు కుదుర్చునుగదా. అట్లే ఒక కొన నీటితోను, ఒక కొన ఫ్లోరిన్ పదార్థముతోను పొసగు సబ్బు కావలెను. అట్టిది పెర్‌ఫ్లోరో ఆక్టనోయిక్ ఆమ్లము, పి.ఎఫ్.ఓ.ఎ. అందురు. ఎనిమిది కర్బన పరమాణువుల గొలుసగుటచే సి-8 అనియు పేరు. డ్యూపాంట్ సంస్థ 1951 నుండి పశ్చిమ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ వద్ద ఒహాయో నదీతీరమునందలి కర్మాగారములో దీనిని వాడజొచ్చెను.

పెనమును కొలిమిలో కాల్చునపుడు ఈ సబ్బు దాదాపు అంతయు ఎగిరిపోవును. కనుక పెనములో వండుకొని తినినవారికి దానివలన వచ్చు హాని అత్యల్పము. హాని పొందినవారు వేరు. కర్మాగారపు పొగగొట్టము నుండి, కాలువల నుండి, చెత్తగుంటల నుండి సి-8 నేలలోనికిని నీటిలోనికిని దిగెను. టెఫ్లాన్‌ను చెడనీయని కర్బన-ఫ్లోరిన్ బంధములే దీనియందును ఉన్నవి. ఎండకు, సూక్ష్మజీవులకు, మన కాలేయమునకు కూడ అది లొంగదు. శరీరములో చేరినదానిలో సగము పోవుటకు 2 నుండి 4 సంవత్సరములు పట్టును. ఏ గుణమునకు పెనమును మెచ్చుకొంటిమో, త్రాగునీటిలో ఆ గుణమే శాపమైనది.

ఆ ప్రాంతమునందలి విల్బర్ టెన్నెంట్ అను రైతు పశువులు ఒకటొకటిగా చనిపోవుచుండగా, 1999లో ఆయన పక్షమున రాబర్ట్ బిలాట్ అను న్యాయవాది దావా వేసెను. ఆ వ్యాజ్యములో బయటపడిన కాగితముల వలన, సమీప గ్రామముల త్రాగునీటిలో సి-8 ఉన్నట్లు సంస్థకు 1984 నుండియే తెలియునని వెల్లడియైనది. తెలిసిన సంగతులను తెలుపనందుకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థతో 2005లో కుదిరిన పరిష్కారము విలువ 1 కోటి 65 లక్షల డాలర్లు. అంతకన్న ముఖ్యమైనది వేరొకటి జరిగెను. నదికి ఇరుప్రక్కల నివసించు ప్రజల తరపు వ్యాజ్యము పరిష్కారములో భాగముగా సుమారు 69,000 మంది తమ రక్తమును, ఆరోగ్య వివరములను పరీక్షకు ఇచ్చిరి. ముగ్గురు శాస్త్రజ్ఞుల మండలి ఏడేండ్లు పరిశీలించి, 2012 నాటికి ఆరు వ్యాధులకు సి-8తో సంబంధము ఉండుట సంభవమేనని తేల్చెను. మూత్రపిండ కాన్సరు, వృషణ కాన్సరు, థైరాయిడ్ వ్యాధి, పెద్దప్రేగు పుండ్ల వ్యాధి, గర్భిణులకు వచ్చు రక్తపోటు, రక్తములో కొలెస్టరాల్ హెచ్చుట అనునవి అవి. 2017లో మూడువేల అయిదువందలకు పైగా దావాలు సుమారు 67 కోట్ల డాలర్లకు పరిష్కారమయ్యెను. సామాన్యులు రక్తమిచ్చి నిలబడనిచో ఈ శాస్త్ర నిర్ణయము జరిగెడిది కాదు.

2006లో అమెరికా ప్రభుత్వముతో కుదిరిన ఏర్పాటు ప్రకారము పెద్ద సంస్థలు ఎనిమిది 2015 నాటికి పి.ఎఫ్.ఓ.ఎ. వాడుక మానినవి. 2019లో స్టాక్‌హోమ్ ఒడంబడిక దీనిని నిర్మూలింపవలసిన పదార్థముల పట్టికలో చేర్చెను. 2023లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ దీనిని మానవులకు కాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గములో చేర్చినది. కాని సబ్బు మానుటతో కథ తీరలేదు. దాని స్థానమున వచ్చిన జెన్-ఎక్స్ అను పొట్టిగొలుసు పదార్థము ఉత్తర కెరొలినాలోని కేప్ ఫియర్ నదిలో తేలినట్లు 2017లో లోకమునకు తెలిసెను. ఫ్రాన్సు 2025లో ఫ్లోరిన్ కర్బన జాతి పదార్థములను సౌందర్య సాధనములలోను, దుస్తులలోను నిషేధించుచు చట్టము చేసినది. వంటపాత్రలను మాత్రము మినహాయించినది. టెఫాల్ కార్మికులు తమ బ్రదుకు తెరువు కొరకు పారిస్ నగరమున చేసిన ప్రదర్శన అందుకు కొంత కారణము. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రము అదే సంవత్సరారంభము నుండి అట్టి పాత్రల అమ్మకమును నిషేధించెను.

ఇంత చరిత్ర తెలిసినవాడు అంగడికి పోయి ఏమి చూడవలెను? అట్టపెట్టె మీద 'పి.ఎఫ్.ఓ.ఎ. లేనిది' అని పెద్ద అక్షరములతో ఉండును. పెద్ద సంస్థల విషయమున 2015 తరువాత అది విశేషము కాదు. పూత టెఫ్లాన్ జాతిది కాదని దాని అర్థమును కాదు. 'సెరామిక్' పూత అని ఉన్నచో అది వేరు జాతి. ఇసుకలోని సిలికా వంటి పదార్థమును జిగటగా చేసి పూసి కాల్చినది. 2007 ప్రాంతమున అంగడికి వచ్చినది. దానిలో ఫ్లోరిన్ ఉండదు. ఎక్కువ వేడికి నిలుచును. కాని దాని అంటని గుణము టెఫ్లాన్ కంటె త్వరగా తరిగిపోవును. ఏది కావలెనో కొనువారి ఇష్టము.

పూత కంటె నేను ముందు చూచునది పెనము మందము. అల్యూమినియము ఇనుముకంటె మూడు రెట్లు బాగుగా వేడిని ప్రసరింపజేయును. అయినను రేకువలె పలుచనైన పెనములో మంట తగిలిన చోట మాత్రము మిక్కిలి కాగును, అంచులు చల్లగా ఉండును. కాగిన చోటనే పూత ముందు చచ్చును. చేతితో ఎత్తి చూచినచో బరువు తెలియును. మూడు మిల్లీమీటర్లకు తగ్గని అడుగు మేలు. ఇండక్షన్ పొయ్యి వాడువారు అడుగున అయస్కాంతము అంటునో లేదో చూచుకొనవలెను, అల్యూమినియము ఒక్కటే దానిపై కాగదు. పిడిని బిగించు మేకుల తలలు లోపలికి పొడుచుకొని యున్నచో వాటి చుట్టు పిండి చేరును. ఇది చిన్న సంగతి, కాని ప్రతిదినము తోమువారికి పెద్ద సంగతియే.

వేడి విషయమున టెఫ్లాన్‌కు ఒక హద్దు కలదు. 260 డిగ్రీల వరకు అది ఎన్ని గంటలైన ఓర్చును. దాని పైన క్రమముగా చెడజొచ్చి, 350 దాటిన పిమ్మట విషవాయువులు వెడలును. ఆ పొగ పీల్చినవారికి జ్వరము, వణకు, దగ్గు వచ్చి ఒకటి రెండు దినములలో తగ్గును. పక్షుల ఊపిరితిత్తులు మిక్కిలి సున్నితమగుటచే పంజరములోని చిలుక అదే పొగకు ప్రాణము విడుచును. పెనములో పిండియో కూరయో ఉన్నంత వరకు అందలి నీరు వేడిని అదుపులో ఉంచును. ఖాళీ పెనమును పెద్దమంట మీద పెట్టి మరచిపోవుటయే ప్రమాదము. కొద్ది నిమిషములలో హద్దు దాటును. నీటిచుక్కలు బిందువులై చిందులాడునంతగా లోహము కాగినపుడు అది 200 డిగ్రీల ప్రాంతమునకు చేరినదని భౌతిక శాస్త్రము చెప్పును. దోసెకు అంతకు మించి అక్కరలేదు. పోపునకు ఇనుప తాలింపు గరిటె ఉండనే ఉన్నది. అట్లకాడ కర్రదో సిలికోనుదో ఉండవలెను. కొబ్బరి పీచు, ఇసుక, బూడిద దీనికి పనికిరావు. వేడిగా ఉన్నపుడే కుళాయి క్రింద పెట్టినచో లోహము చప్పున ముడుచుకొని, ఇరుకుకొని యున్న పూత వ్రేళ్ళు సడలును.

పూత లేచి తునకలు కూరలో కలసినచో భయపడువారు కలరు. ఆ తునకలు జీర్ణము కావు, రక్తములో కలియవు. వచ్చిన దారినే పోవును. ఈ పదార్థముతోనే కృత్రిమ రక్తనాళములు చేసి వైద్యులు శరీరములో అమర్చుచున్నారు. అయినను పూత లేచిన చోట వట్టి అల్యూమినియము బయటపడును, పులుసు దానిని తినును. అంటనిదని కొన్న పెనము అక్కడ అంటును. అట్టి పెనమును ఆ దినముతోనే తీసివేయవచ్చును.